యాదమ్మకు అరవై నిండిన రోజు

ఏప్రిల్ ఒకటో తారీఖు పొద్దున ఎనిమిదింటికి యాదమ్మ కార్డు గేటు దగ్గర పనిచెయ్యలేదు.

మాదాపూర్‌లోని ఆ ఏడంతస్తుల ఆఫీసులో నాలుగో అంతస్తు పాంట్రీ ఆమెది. పదకొండేళ్లుగా లింగంపల్లి నుంచి బస్సులో వచ్చి, ఎవరికి చక్కెర వద్దో ఎవరికి అల్లం కావాలో అడగకుండానే టీ అందించే మనిషి. కార్డు ఒకసారి గీసింది. కొంగుతో తుడిచి మళ్లీ గీసింది. ఎర్ర లైటే వచ్చింది.

సెక్యూరిటీ గార్డు వెంకటరామయ్య తన ముందున్న తెర చూశాడు. "యాదమ్మా, నీకు అరవై నిండినయంట. రిటైరైనవని చూపిస్తుంది."

"ఎప్పుడు నిండినయి?"

"పోయిన నెల నాలుగున."

"పోయిన నెల నాలుగున నేను పనికొచ్చిన. ఎవ్వరు చెప్పలే" అంది యాదమ్మ, తనకు తెలియకుండా ఇంట్లో ఏదో శుభకార్యం జరిగిపోయినట్టు.

వెంకటరామయ్య నవ్వబోయాడు. అంతలో అతని సూపర్‌వైజర్ ఫోన్ చేసి, ఉన్నపళంగా గేటు వదిలి వెళ్లిపొమ్మన్నాడు. కంపెనీ రికార్డు ప్రకారం వెంకటరామయ్యకు పన్నెండేళ్లు. ఇంకో పది రోజులకు పదమూడు నిండుతాయి. బాలకార్మికుణ్ని కాపలా పెట్టారని బెంగళూరు ఆఫీసుకు దానంతటదే మెయిల్ వెళ్లిపోయింది. తెల్లబడుతున్న మీసాన్ని ఒకసారి దువ్వుకుని, టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆ బాలుడు బయటికి నడిచాడు. ఇద్దరు మనవళ్లున్నారతనికి.

ఈ రెండు వయసులనూ కనిపెట్టింది ఉదయశ్రీ రాసిన నలభైమూడు లైన్ల ప్రోగ్రాము.

ఉదయశ్రీది తణుకు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇద్దరు స్నేహితురాళ్లతో ఉంటుంది. ఉద్యోగం పేరు డేటా అనలిస్ట్. చేసే పని, ఒకరు ఒక తీరుగా పంపిన ఫైలును ఇంకొకరికి కావలసిన తీరుగా మార్చడం. ఆ ఫైళ్లను సీఎస్‌వీ అంటారు. చూడటానికి అందులో ఏమీ ఉండదు. మనిషికొక వరస. వరసలో పేరు, ఇంటి నంబరు, చిరునామా, పుట్టిన తేదీ. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య గోడలాగా ఒక కామా. చిక్కల్లా ఎక్కడంటే, చిరునామా రాసేటప్పుడు మనుషులు కామా పెట్టకుండా ఉండలేరు. 'పోచమ్మ గుడి వెనక, రేషన్ షాపు పక్కన, లింగంపల్లి' అని ఎవరైనా రాశారంటే, ప్రతి కామా దగ్గరా ఇంకో గది మొదలైందనుకుని వరసంతా పక్కకు జరిగిపోతుంది. పుట్టిన తేదీ ఉండాల్సిన చోట రేషన్ షాపు వచ్చి కూర్చుంటుంది.

ఆ ఏడాది కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నది. పాంట్రీ, ఊడ్పు, కాపలా పనుల్లో ఉన్న ఆరు వందల నలభై మంది కాంట్రాక్టు మనుషుల వివరాలు ఏజెన్సీ ఫైళ్లలోంచి అందులోకి ఎక్కించాలి. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఆరు వారాలు పడుతుందన్నారు. ఉదయశ్రీ ఒక్కరోజు చాలంది. గదులు జరిగిపోతున్నాయి కాబట్టి ఎన్నో గది అని లెక్కపెట్టడం మానేసింది. రెండంకెలు, గీత, రెండంకెలు, గీత, నాలుగంకెలు, ఈ ఆకారంలో వరసలో మొదట ఏది కనబడితే అదే పుట్టిన తేదీ అనుకోమని ప్రోగ్రాముకు చెప్పింది. వరసకు తేదీ ఒక్కటే కదా ఉండేది. పరీక్షకని తెప్పించిన ఫైలు మీద నడిపితే ఆరు వందల నలభై వరసల్లో ఒక్క తప్పు రాలేదు.

ఆమె మేనేజరు వినయ్ ప్రొద్దుటూరు మనిషి, మాటకారి. ఆ నలభైమూడు లైన్లకు 'స్మార్ట్ బర్త్ ఐడెంటిఫికేషన్ ఇంజిన్' అని పేరు పెట్టి పైవాళ్లకు స్లైడులో చూపించాడు. ఇంజిన్ అన్న మాట చూసి ఉదయశ్రీకి సిగ్గేసింది. కొంచెం బాగానూ ఉంది.

మార్చి ఆఖరి రాత్రి అసలు ఫైలు సాఫ్ట్‌వేరులోకి ఎక్కింది. ఏప్రిల్ ఒకటిన ఆమె ఆఫీసుకు వచ్చేసరికి నాలుగో అంతస్తులో టీ లేదు. సంగతి తెలిసి గబగబా ఫైలు తెరిచింది. యాదమ్మ వరసలో పుట్టిన తేదీ 04-03-1966. దానికి కాస్త దూరంలో ఇంకో తేదీ, 01-01-1975. వరసకు రెండు తేదీలు ఎలా వచ్చాయో ఆమెకు వెంటనే అర్థం కాలేదు. పరీక్ష ఫైలు తీసి పక్కన పెట్టి చూసింది. అందులో మొదటి తేదీ ఉన్న చోట 4-3-66 అని ఉంది.

అది యాదమ్మ ఇంటి నంబరు.

ఏజెన్సీ ఆఫీసు బాలానగర్‌లో ఉంది. అక్కడ ఫైళ్లు చూసే సోమేశ్వరరావుగారు ఏలూరులో గవర్నమెంటు సర్వీసు పూర్తిచేసుకుని, కొడుకు దగ్గరికి వచ్చి, ఖాళీగా ఉండలేక ఈ పనిలో చేరారు. ఉదయశ్రీ ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, ఈసారి ఫైలు పంపేముందు మీరేమన్నా చేశారాండీ?"

"ఏమీ చెయ్యలేదమ్మా. ఎక్సెల్‌లో తెరిచి, ఒకసారి కళ్లారా చూసుకుని, సేవ్ చేసి పంపాను. ముప్పైనాలుగేళ్ల సర్వీసులో చూడకుండా ఒక్క కాగితం బయటికి పంపలేదు. ఏం, ఏమన్నా పొరపాటా?"

ఆయన చూశారు. ఆయన చూస్తున్నంతసేపట్లో ఎక్సెల్ కూడా చూసింది. నాలుగు గీత మూడు గీత అరవైయారు కనిపిస్తే అది తేదీ అనుకుని, ముచ్చటగా సున్నాలు చేర్చి, పంతొమ్మిది వందలు కలిపి సర్దిపెట్టింది. వెంకటరామయ్య ఇంటి నంబరు 11-4-13. దానికి రెండు వేలు కలిపింది. అలా తేదీలా కనిపించే ఇళ్లల్లో ఉండే పాపానికి మొత్తం తొమ్మిది మంది వయసులు మారిపోయాయి.

ఉదయశ్రీ వినయ్ దగ్గరికి వెళ్లి, తప్పు తనదేనని చెప్పింది.

"తప్పు అనొద్దు ఉదయా" అన్నాడు వినయ్. "ఎడ్జ్ కేస్ అను, ఎప్పుడో ఒకటి అట్లా వస్తుంది. పదో తారీఖున పైవాళ్లకు ఇంజిన్ చూపించాల. అంతవరకూ దాన్ని ముట్టుకోవద్దు. ఫైలు తెరవకుండా పంపమని ఆ పెద్దాయనకు చెప్పు, సరిపోతుంది."

సోమేశ్వరరావుగారు మనసు చంపుకుని ఫైలు చూడకుండా పంపారు. మర్నాటికి ఎనిమిది మంది వయసులు సరిపోయాయి. వెంకటరామయ్యకు మళ్లీ యాభైమూడేళ్లొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. యాదమ్మ ఒక్కతే అరవై దగ్గర ఆగిపోయింది.

కారణం కనుక్కోవడానికి ఉదయశ్రీకి సగం రోజు పట్టింది. ఎప్పుడు పుట్టారో తెలియనివాళ్లకు గుర్తింపు కార్డులో జనవరి ఒకటి వేయడం మామూలే. ఆ ఆరు వందల నలభై మందిలో రెండు వందల పన్నెండు మంది జనవరి ఒకటినే పుట్టారు. కొత్త సాఫ్ట్‌వేరుకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకని జనవరి ఒకటిని తేదీ కింద కాక ఖాళీ కింద లెక్కేస్తుంది. మొదటిసారి ఎక్కిస్తే సరే అంటుంది గాని, అప్పటికే ఒక మంచి తేదీ ఉంటే దాన్ని చెరిపి జనవరి ఒకటి వేయనివ్వదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రాస్తే జవాబు వచ్చింది: ఈ ఉద్యోగికి ఇంతకన్నా నమ్మదగిన తేదీ ఇదివరకే నమోదై ఉంది, దాన్ని జనవరి ఒకటికి మార్చాలంటే బర్త్ సర్టిఫికెట్ గాని బడి సర్టిఫికెట్ గాని పంపండి.

గుర్తింపు కార్డు కన్నా తలుపు మీది నంబరు నమ్మదగినదని తేలింది. యాదమ్మకు బర్త్ సర్టిఫికెట్ లేదు. బడికి పోలేదు.

ఆమె మాత్రం రోజూ వచ్చింది. ఎనిమిదింటికి వచ్చి, కార్డు గీసి, ఎర్ర లైటు చూసి, రోడ్డవతల కొబ్బరిబోండాల బండి పక్కన కూర్చునేది. నాలుగో రోజు మధ్యాహ్నం ఉదయశ్రీ కిందికి దిగి ఆమె దగ్గరికి వెళ్లింది.

"ఇంటికి వెళ్లకుండా ఇక్కడెందుకు కూర్చుంటున్నావు యాదమ్మా, ఈ ఎండలో?"

"ఇంటికాడ కూసుంటే నిజంగనే ముసలిదాన్నైన అనుకుంటరు బిడ్డా. జర ఎప్పుడన్న లోపలికి పిలుస్తరేమోనని."

ఉదయశ్రీ ఆమె పక్కన కూర్చుంది. "ఇది నావల్లే జరిగింది. నేను రాసిన ప్రోగ్రాము నీ ఇంటి నంబరును పుట్టినరోజనుకుంది."

"అది నా ఇల్లు గూడ కాదు. కిరాయికి ఉంటున్న" అంది యాదమ్మ.

"కార్డులో ఉన్న జనవరి ఒకటి కూడా నీది కాదు కదా?"

"యాడిది? గా కార్డు రాసే పిలగాడు ఎప్పుడు పుట్టినవంటే, మిరుగునాడని చెప్పిన. మిరుగంటే ఏందన్నడు. తొలకరి అన్న. తారీఖు చెప్పుమన్నడు. నాకెర్కలేదంటే ఆడే ఏదో ఏసిండు."

"మిరుగు అంటే మృగశిర కార్తె, జూన్‌లో వస్తుంది కదా?"

"మా అవ్వ చెప్తుండె. గా ఏడు మిరుగునాడే వాన పడ్డదంట. అందరు ఇత్తనాలు సల్లనీకి పోయిన్రు. మా అవ్వ ఒక్కతే ఇంట్ల ఉండె. వాళ్లు తిరిగొచ్చేటాలకు నేను పుట్టి ఏడుస్తున్నంట."

ఉదయశ్రీ ఫోన్‌లో చూసింది. మిరుగు జూన్ ఎనిమిది. "మరి ఏ సంవత్సరం?"

అది తేల్చడానికి ఇద్దరికీ ఒక కొబ్బరిబోండాం పట్టేంత సేపు పట్టింది. లింగంపల్లికి ఎంఎంటీఎస్ రైలు మొదలైన ఏడు చిన్నకొడుకు అప్పుడప్పుడే నడుస్తున్నాడు. వాడికన్నా కూతురు నాలుగేళ్లు పెద్ద. అంతకు రెండేళ్ల ముందు పెళ్లి. "పెండ్లినాటికి పద్దెనిమిది నిండి పందొమ్మిది నడుస్తుండె. మా నాయన గీ ముచ్చటల పక్కా" అంది యాదమ్మ. వేళ్ల మీద వెనక్కి లెక్కపెడితే డెబ్బైయేడు తేలింది.

ఎనిమిది, ఆరు, డెబ్బైయేడు. ఉదయశ్రీ ఆ అంకెలను ఫోన్‌లో టైపు చేసుకుంది. 8-6-77. టైపు చేశాక అలాగే చూస్తూ ఉండిపోయింది. అచ్చం ఇంటి నంబరులాగే ఉంది.

ఆమె ప్రోగ్రాములో తప్పు ఇంకా అలాగే ఉంది. పదో తారీఖు దాకా ముట్టుకోవద్దన్నాడు వినయ్.

అక్కడి నుంచే ఫోన్ చేసి ఆ తేదీ చెబితే, సోమేశ్వరరావుగారు మొదట ఒప్పుకోలేదు. "పుట్టిన తేదీ నేను మార్చకూడదమ్మా. కార్డులో ఏది ఉంటే అదే. నా సర్వీసులో ఎన్నడూ చెయ్యలేదు."

"పుట్టిన తేదీ మార్చమనడం లేదండీ. ఇంటి నంబరు మార్చండి చాలు. కొత్తది 8-6-77."

"ఇంటి నంబరా? అది ఎన్నిసార్లైనా మార్చొచ్చు. అద్దెకుండేవాళ్లు మారుతూనే ఉంటారు. ఆవిడ రాసిచ్చి సంతకం పెడితే నాకేం అభ్యంతరం?" అన్నారాయన. "ఇంతకీ ఎందుకు మారుతున్నట్టు?"

ఉదయశ్రీ ఫోన్ యాదమ్మకు ఇచ్చింది.

"ఓనరు పరేషాన్ చేస్తుండు సారూ. నీళ్లిడుస్తలేడు" అంది యాదమ్మ. అది అబద్ధం కాదు.

"ఇంకొక్క మాటండీ" అంది ఉదయశ్రీ ఫోన్ తీసుకుని. "రేపు యాదమ్మ వరస ఒక్కటే వేరే ఫైలుగా పెట్టి, పంపేముందు దాన్ని ఎక్సెల్‌లో తెరిచి ఒకసారి కళ్లారా చూడండి."

"అలా అన్నావు, బాగుందమ్మా!" అన్నారాయన ప్రాణం లేచి వచ్చినట్టు.

మర్నాడు ఆ ఒంటి వరస ఫైలు వచ్చింది. 08-06-1977 అన్న మంచి తేదీని ప్రోగ్రాము కనిపెట్టింది. సాఫ్ట్‌వేరు దాన్ని నమ్మింది. ఆ తర్వాతి రోజు యాదమ్మకు నలభైయెనిమిదేళ్లు వచ్చాయి, కార్డుకు పచ్చ లైటు వచ్చింది. అదే వారంలో ఆమె ఓనరుతో రాజీపడి పాత ఇంటికి మారినట్టు ఇంకో కాగితం రాయించి ఇచ్చింది. పదో తారీఖున వినయ్ పైవాళ్లకు ఇంజిన్ చూపించాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు. పదకొండున ఉదయశ్రీ ప్రోగ్రాములో మూడు లైన్లు మార్చి, ఇంటి నంబర్లు ఇక ఎప్పటికీ పుట్టినరోజులు కాకుండా చేసింది.

తప్పుడు ప్రోగ్రాముతో, తప్పుడు చిరునామాతో యాదమ్మ అసలు పుట్టినరోజు మొదటిసారి ఒక కాగితం మీదికి ఎక్కింది. దానికి తాను సంతోషించాలో భయపడాలో ఉదయశ్రీకి తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు.

జూన్ ఎనిమిదిన సాఫ్ట్‌వేరు యాదమ్మ ఫోన్‌కు ఇంగ్లిషులో శుభాకాంక్షలు పంపింది. పుట్టినరోజు ఎవరిదైతే వాళ్ల సీటుకు అరకేజీ కేకు పంపించడం కంపెనీ అలవాటు. యాదమ్మకు సీటు లేదు కాబట్టి కేకు పదకొండింటిదాకా రిసెప్షన్‌లో ఆగిపోయింది. చివరికి వెంకటరామయ్య పట్టుకొచ్చాడు. పాంట్రీలో అందరూ మూగారు. యాదమ్మ కత్తి పట్టుకుని, ఎక్కడ కొయ్యాలో తెలియక, ఉల్లిగడ్డను కోసినట్టు నడిమికి రెండు చెక్కలు చేసింది.

"మా అవ్వ ఉంటే నవ్వుతుండె" అంది. అని కొంగుతో ముఖం తుడుచుకుంది. కిటికీలోంచి బయటికి చూసింది. వాన లేదు. ఎండ మండిపోతోంది.

జులైలో తనిఖీకి రత్నమాలగారు వచ్చారు. బెంగళూరు ఆఫీసులో పెద్ద ఉద్యోగం, సొంతూరు గుంటూరు. కళ్లజోడు పైనుంచి చూస్తూ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. రెండు రోజులు కూర్చుని ఆరు వందల నలభై వరసలనూ కార్డులతో సరిచూశారు. మూడో రోజు ఉదయశ్రీని పిలిచారు.

"డేటా చాలా శుభ్రంగా ఉందమ్మా. ఒక్కటే తేడా. ఈ యాదమ్మ అనే ఆవిడది కార్డులో జనవరి ఒకటి, డెబ్బైఅయిదు. ఇక్కడ జూన్ ఎనిమిది, డెబ్బైయేడు. దీనికి ఆధారం ఏమిటి?"

"వాళ్లమ్మగారు చెప్పారండీ."

"కాగితం?"

"లేదండీ."

ఉదయశ్రీ ఇక దాచలేదు. ఇంటి నంబరు దగ్గర్నుంచి కొబ్బరిబోండాం దాకా అంతా చెప్పేసింది. రత్నమాలగారు చివరిదాకా విన్నారు. తర్వాత తెర మీద జనవరి ఒకటి వరసలన్నీ ఒకచోటికి తెచ్చి, పైనుంచి కిందికి జరుపుతూ పోయారు. జరిపినకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"వీళ్లు రెండు వందల పదకొండు మంది. వీళ్లలో ఎంతమంది నిజంగా ఆ రోజున పుట్టి ఉంటారంటావు?"

"ఒకరో ఇద్దరో ఉండొచ్చేమోనండీ."

"వాళ్లందరికీ కాగితం ఉంది. కాబట్టి అవన్నీ సరైనవని నేను రాయాలి. ఈవిడది ఒక్కటే నిజంలా ఉంది. దానికి కాగితం లేదు. కాబట్టి తప్పని రాయాలి." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు చెప్పినదాన్ని రిపోర్టులో ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు. పెట్టను. తేదీ మాత్రం మార్చక తప్పదమ్మా."

తనిఖీకి వచ్చినవాళ్లకు సాఫ్ట్‌వేరు ఏ తేదీనైనా మార్చనిస్తుంది. రెండు నొక్కుల్లో యాదమ్మ జనవరి ఒకటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం రిపోర్టు వచ్చింది. డేటా నూటికి నూరుపాళ్లు సరైనదని అందులో ఉంది. వినయ్ దాన్ని ప్రింటు తీయించి, తన సీటు వెనక గోడకు అంటించాడు.

ఉదయశ్రీ పాంట్రీలోకి వెళ్లి చెప్పింది. యాదమ్మ పాలగిన్నె కింద మంట తగ్గించింది.

"పోనీ తియ్ బిడ్డా. మూడు నెలలన్న ఉండె గద. ఇన్నేండ్లు అది గూడ లేకపాయె" అంది. తర్వాత కొంచెం మొహమాటంగా, "గా కిష్టమ్మది గూడ ఒక్కపారి రాస్తవా? పోన్లకు మెసేజ్ వచ్చిందని చూపెట్టిన కాడికెల్లి అడుగుతనే ఉంది" అంది.

కిష్టమ్మ అదే అంతస్తులో ఊడ్పు పని చేస్తుంది. పిలవకముందే తలుపు దగ్గరికొచ్చి చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇప్పుడు రాయడం కుదరదు కిష్టమ్మా. ప్రోగ్రాము బాగుపడింది" అంది ఉదయశ్రీ.

"దాంట్ల వద్దమ్మా. ఉత్తగనే యాడన్న రాయి. సద్దుల బతుకమ్మ నాడు పుట్టిన నేను. మా అక్కలు బతుకమ్మలెత్తుకొని పోయిన్రు, గప్పుడు. ఇంతకుముందు ఎవ్వరు అడగలే."

ఉదయశ్రీ తన సీటుకు వచ్చి కొత్త ఫైలు తెరిచింది. వరసకు రెండే గదులు పెట్టింది: పేరు, పుట్టినప్పటి సంగతి. మొదటి వరసలో యాదమ్మను రాసింది. రెండో వరసలో కిష్టమ్మ. చిరునామా పెట్టలేదు. వారం తిరిగేసరికి ముప్పైయెనిమిది వరసలయ్యాయి. మధ్యాహ్నం తిండి వేళ ఒక్కొక్కరే వచ్చి, ఎవరూ వినకుండా చెప్పి వెళ్లేవారు. ఒకామె బోనాల నాడు పుట్టింది. ఒకతను కరువు పనిలో తట్ట దించి అమ్మ పక్కకు వెళ్లినప్పుడు పుట్టాడు. వెంకటరామయ్యకు తేదీ తెలుసు గాని, తన భార్య సంగతి రాయించాడు. రెండో గదిలో ఒక్క అంకె కూడా లేదు, కామాలు మాత్రం బోలెడు. ఏ సాఫ్ట్‌వేరైనా మొదటి వరసలోనే తిప్పికొట్టే ఫైలు అది.

ఒకరోజు వినయ్ ఆమె వెనక నిలబడి తెర చూశాడు.

"ఇది ఏ ప్రాజెక్టుది?"

"ఏదీ కాదు సార్."

"ఏ ఫార్మాట్?"

"దీనికి ఫార్మాట్ లేదండీ."

"అట్లయితే ఎవరికీ పంపొద్దు. ఇప్పుడే నూటికి నూరు వచ్చింది" అని వెళ్లిపోయాడు. కాఫీ కప్పు సగం తాగి, మళ్లీ వచ్చి, ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"మా నాయనది సర్టిఫికెట్‌లో జులై ఒకటి. ఐవోరు రాసేసినాడంట, బళ్లో చేర్చుకునేటప్పుడు. నాయన వాళ్లమ్మ, మా జేజి మాత్రం చెనిక్కాయలు పెరికేటప్పుడు పుట్టినాడని చెప్పేది. చేన్లోనే. ఎత్తుకొచ్చి కాయల కుప్ప పక్కన పండబెట్టినారంట." ఒకసారి చుట్టూ చూశాడు. "అట్లాంటిది రాయొచ్చునా దీంట్లో?"

"రాయొచ్చు సార్" అంది ఉదయశ్రీ. "ఆయన పేరు చెప్పండి."